మెదడింటి కుంపటి

ఉమ్మడి కుటుంబములలో కాపురము చేసిన వారికి ఒక సంగతి తెలిసియే యుండును. ఇంటికంతకును పెద్ద వంటయిల్లొకటి యుండును. అందు వండిన వంటయే అందరికిని వడ్డింపబడును. అయినను ఏదో యొక మూలగదిలో ముసలి అత్తగారో, పథ్యము తినవలసిన వారో చిన్న కుంపటి యొకటి పెట్టుకొని, తమకు కావలసినది తామే కాచుకొనుచుందురు. పెద్ద వంటయింటి వారికి ఆ కుంపటి సంగతి ఒక్కొక్కప్పుడు తెలియనైన తెలియదు. మన తలలోని మెదడు కూడ అట్టి కుంపటి యొకటి పెట్టుకొని, కొన్ని రసములను తనకై తానే కాచుకొనునని మేము మూడేండ్ల క్రిందట తెలిసికొంటిమి. తెలిసికొనుటకు కారణమైన సంగతి మాకు గర్వము కలిగించునది కాదు. అయినను దానిని విడిచి శాస్త్రమును మాత్రమే వ్రాసినచో మన కుటుంబములకు ప్రయోజనము తక్కువయని తోచి, మొదట దానినే వ్రాయుచున్నాము.

మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. మేము బడికి పోయి చదివినది లేదు. మా తాతగారి యొద్ద అమరమును, భాగవతమును, కొన్ని కావ్యములను ఇంటనే చదువుకొంటిమి. మాకిద్దరు బిడ్డలు. మా మరిదిగారి భార్యకు తల్లి లేదు. తొలికాన్పు పుట్టింట జరుగుట ఆచారమైనను, అక్కడ చూచువారు లేనందున మా యింటనే పురుడు జరుపుటకు నిశ్చయించితిమి. ఆమె ఆసుపత్రిలో సుఖముగ ప్రసవించి, మగబిడ్డతో మూడవనాడు ఇల్లు చేరినది. బాలింతకు చల్లగాలి తగులరాదని, వచ్చిపోవువారి కన్ను పడరాదని మేము ఆ గది తలుపు మూసియుంచితిమి. వేళకు వేడియన్నము, వెల్లుల్లి కారము, నెయ్యి లోపల పెట్టి వచ్చుచుంటిమి. పథ్యమున లోపము రానీయలేదు. అదియే మా గర్వము.

వారము తిరుగకముందే ఆమెకు నిద్ర పోయినది. బిడ్డ నిద్రించుచున్నను ఆమె కన్నులు తెరచుకొనియే యుండును. కారణము చెప్పకయే కన్నీరు కార్చును. బిడ్డను ఎత్తుకొనుమని ఇచ్చినచో, పరాయివారి బిడ్డను పట్టుకొన్నట్లు పట్టుకొనును. అత్తగారు దిష్టియని తలచి ఉప్పు, మిరపకాయలు దిగదుడిచిరి, తాయెత్తు కట్టించిరి. మేము అంతకంటె తెలివిగలవారమనుకొని, ఆమెకు బుద్ధి చెప్ప మొదలిడితిమి. “మేము ఇద్దరిని కనలేదా? లేచి పనులు చేసికొనలేదా? మనస్సు గట్టి చేసికొనుము. బిడ్డ మొగము చూచిన తల్లి కెక్కడి దుఃఖము?” అని పలుమారు మందలించితిమి. ఒక రాత్రి ఆమె మా చేయి పట్టుకొని, “అక్కయ్యా, వీడు మీ చేతులలోనే సుఖపడును. నేను లేకున్నను వీనికి లోటుండదు” అన్నది. అప్పుడును మేము కోపపడి, అట్టి అపశకునపు మాటలు బాలింతరాలు ఆడవచ్చునా యని కసరి, తలుపు చేరవేసి వచ్చితిమి. ఆ తలుపు చప్పుడు నేటికిని మా చెవులలో నున్నది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారగనే మావారితో చెప్పి, ఆమెను పట్టణములోని వైద్యురాలి యొద్దకు తీసికొనిపోతిమి. ఆమె మొదట పది ప్రశ్నలు అడిగినది. నవ్వు వచ్చుచున్నదా, నిష్కారణముగ మిమ్ము మీరు నిందించుకొనుచున్నారా, నిద్ర పట్టుచున్నదా, మీకు మీరే కీడు చేసికొనవలెనను తలంపు వచ్చినదా, ఇట్టివి. ఎడింబరో పేరుతో 1987లో వెలువడిన ప్రశ్నల పట్టిక యది యనియు, బాలింతల మనస్థితిని తెలిసికొనుటకు వైద్యులు దానిని వాడుదురనియు పిదప తెలిసినది. మా తోడికోడలు ఒక్కొక్క ప్రశ్నకు జవాబు చెప్పుచుండగా మేము తల వంచుకొని కూర్చుంటిమి. మూడు వారములు ఒకే కప్పు క్రింద నుండియు మేము వీనిలో ఒక్కదానినైన అడిగి యెరుగము. బిడ్డ పాలు త్రాగెనా, బిడ్డ నిద్రించెనా అని మాత్రమే అడిగితిమి.

వైద్యురాలు మాతో ఇట్లు చెప్పినది: “ఇది సోమరితనము కాదు. బిడ్డమీద ప్రేమ లేకపోవుటయు కాదు. ఇది వ్యాధి. కాన్పుతో దేహమునందును, మెదడునందును కొన్ని హార్మోనులు ఒక్కసారిగ తగ్గిపోవును. కొందరు దానిని తట్టుకొందురు, కొందరు తట్టుకొనలేరు. మీరు తట్టుకొంటిరి గనుక ఈమెయు తట్టుకొనవలెననుట న్యాయము కాదు.” మందును, మాటలాడించి చేయు చికిత్సయు, రాత్రివేళ నిద్రయు కలిసి నాలుగు మాసములలో ఆమెను మరల మనిషిని చేసినవి. నేడా బిడ్డ మూడేండ్లవాడు. వాని అల్లరికి తల్లి నవ్వుచున్నప్పుడు మా గుండె తేలికపడును.

అయితే వైద్యురాలి నోట వచ్చిన “మెదడునందును” అను మాట మమ్ము విడువలేదు. హార్మోనులనగా వినాళ గ్రంథులలో పుట్టి రక్తములో కలిసి దేహమంతయు తిరుగు రసములని మా పిల్లల పాఠ్యపుస్తకములో చదివియుంటిమి. స్టీరాయిడు జాతి హార్మోనులు స్త్రీలకు అండాశయములలోను, గర్భవతులకు మాయలోను, పురుషులకు వృషణములలోను, ఇరువురకును మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులలోను తయారగునని అందున్నది. మెదడు వానిని అందుకొనునదియే గాని చేయునది యని యెక్కడను లేదు. మావారిని అడుగగా వారును తెల్లబోయిరి. ఉపాధ్యాయులకు తెలియదని చెప్పుట కష్టమే గాని, వారు చెప్పిరి. తరువాత ఇరువురము కలిసి చదివి తెలిసికొన్న దానిని మా భాషలో చెప్పుచున్నాము.

మొదట సరుకు సంగతి. స్టీరాయిడు హార్మోనులన్నిటికిని మూలద్రవ్యము కొలెస్టరాలు. ఈ పేరు వినగనే మనకు గుండెజబ్బు జ్ఞప్తికి వచ్చి భయము కలుగును. కాని అది లేనిదే జీవకణమునకు గోడ నిలువదు. మెదడు దేహపు బరువులో నూటికి 2 వంతులు మాత్రమే. అయినను దేహమందలి కొలెస్టరాలులో నూటికి 20 నుండి 25 వంతుల వరకు మెదడునందే యున్నది. అందులోను విశేషమేమనగా, రక్తములోని కొలెస్టరాలు మెదడులోనికి పోజాలదు. రక్తమునకును మెదడునకును నడుమ గట్టి కావలి కలదు. కనుక మెదడు తనకు కావలసిన కొలెస్టరాలును తానే చేసికొనును. బాలింత నేయి ఎక్కువ తినిన మెదడునకు బలమని అత్తగారును, కొవ్వు తినిన మెదడు చెడునని మావారును చేయు వాదము దీనితో కొంత చల్లబడినది.

ఇక వంట సంగతి. పాలు తోడుపెట్టిన పెరుగగును, పెరుగు చిలికిన వెన్న యగును, వెన్న కాచిన నేయి యగును. ఒక్కొక్క మెట్టున ఒక్కొక్క పని. ఏ మెట్టు తప్పినను తరువాతిది రాదు. మెదడులోను అట్లే. కణములలో మైటోకాండ్రియా యను అతి చిన్న కొలుములు కలవు. కొలెస్టరాలు వానిలోనికి చేరినప్పుడు ఒక ఎంజైము దాని తోకను త్రుంచి ప్రెగ్నెనొలోన్ అను స్టీరాయిడును చేయును. మరియొక ఎంజైము దానిని ప్రొజెస్టిరోన్‌గ మార్చును. ఇది గర్భిణీ స్త్రీల దేహములో సమృద్ధిగ నుండు హార్మోనే. దానిని మరి రెండు మెట్లు నడిపినచో అల్లోప్రెగ్నెనొలోన్ అను పదార్థము వచ్చును. పేరు నోరు తిరుగనిది. మేము దానిని “నెమ్మదిరసము” అని పిలుచుకొంటిమి. ఈ పనులను మెదడులోని నాడీకణములును, వానికి ఆసరాగ నుండు గ్లియా కణములును పంచుకొనును. గ్రంథులనుండి రక్తము ద్వారా వచ్చిన ప్రొజెస్టిరోన్‌ను కూడ మెదడు పట్టి, తన కుంపటిపై తనకు కావలసిన రీతిని మార్చుకొనును. పెద్ద వంటయింటి పప్పును తెచ్చుకొని తన పోపు తాను వేసికొన్నట్లు.

ఈ కుంపటిని మనుష్యులు కనుగొన్న కథ ముచ్చటైనది. 1941లో కెనడాదేశపు మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు ఎలుకలకు ప్రొజెస్టిరోన్ మొదలగు స్టీరాయిడులను పెద్ద మోతాదున నిచ్చి చూడగా, అవి కొద్దిసేపటిలోనే మత్తుమందు త్రాగినట్లు నిద్రించినవి. కడుపునకును సంతానమునకును సంబంధించినవని యెంచిన హార్మోనులు నిద్ర కలిగించుటేమని ఆశ్చర్యమైనది. కారణము చాల కాలము తెలియలేదు. 1981లో ఫ్రాన్సుదేశమున ఎతియెన్ ఎమీల్ బోలియ్యూ అను వైద్యశాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఎలుకల మెదడును పరీక్షించిరి. డీహెచ్ఈఏ యను పొట్టిపేరు గల స్టీరాయిడు అందు రక్తములోకంటె అధికముగ నుండెను. గ్రంథులనుండి వచ్చి చేరినదేమోయని అధివృక్క గ్రంథులను, వృషణములను తీసివేసి చూచిరి. దినములు గడచినను మెదడులో ఆ పదార్థము తరుగలేదు. పెద్ద వంటయింట పొయ్యి ఆరినను మూలగదిలో అన్నము ఉడుకుచున్నదన్నమాట. మెదడు స్వయముగ చేసికొను ఈ పదార్థములకు ఆయన న్యూరోస్టీరాయిడులని పేరు పెట్టెను. ఆయన 98 ఏండ్లు జీవించి 2025 మే నెలలో గతించెను.

పిమ్మట 1986లో అమెరికాలో మజెవ్‌స్కా మొదలగువారు నిద్ర కథకు కారణమును బయటపెట్టిరి. మెదడులో గాబా అను పదార్థము కలదు. అది నాడీకణములపై నుండు సన్నని తలుపులను తెరచును. ఆ తలుపున క్లోరైడు కణికలు లోనికి పోగా నాడి శాంతించును. నెమ్మదిరసము వంటివి ఆ తలుపు రెక్కను మరికొంతసేపు మూసికొనకుండ పట్టియుంచును. అందుచే శాంతి యెక్కువసేపు నిలుచును. మామూలు హార్మోను కణపు గర్భములోనికి పోయి, అక్కడి ఆజ్ఞలను మార్చి, గంటలకో దినములకో ఫలమిచ్చును. ఇది తలుపు కడనే నిలిచి క్షణములలో పనిచేయును.

ఈ కుంపటి నిద్రకును నెమ్మదికిని మాత్రమే కాదు. జపానుకు చెందిన త్సుత్సుయి అను శాస్త్రజ్ఞుడు చిన్నమెదడునందలి పెద్ద నాడీకణములు శైశవములో ప్రొజెస్టిరోన్ చేసికొనుననియు, దానివలన వాని కొమ్మలు పెరుగుననియు ఎలుకలలో చూపెను. ఆస్ట్రేలియాలో జీబ్రా ఫించి యను చిన్నపక్షి కలదు. ఆ జాతిలో మగపక్షి పాడును. దాని మెదడు ఈస్ట్రోజెన్‌ను చేసికొనును. 2008లో ప్రకటించిన పరిశోధనలో, తోటిపక్షి పాట వినిపించినంతనే వినికిడికి సంబంధించిన భాగమున ఈస్ట్రోజెన్ అరగంటలోపల పెరిగినట్లు కనుగొనిరి. అనగా మెదడింటి వంట దానికై అది జరుగునదే కాక, వెలుపలినుండి చెవిని పడిన దానిని బట్టియు మారుచున్నది.

ఇచ్చట మేము చదువుట ఆపి కొంతసేపు కూర్చుండవలసి వచ్చినది. ఏలయన దాని తరువాతి పుటలో నున్నది వేరొక ప్రయోగము. 2000, 2001 సంవత్సరములలో ప్రకటించినది. గుంపులో నుండు ఎలుకలను, చుంచులను విడదీసి ఒక్కొక్క దానిని ఒక్కొక్క గూటిలో కొన్ని వారములు ఒంటరిగ నుంచిరి. తిండికి లోటు చేయలేదు. అయినను వాని మెదడులో నెమ్మదిరసము తగ్గిపోయెను. మాకు మూసిన గది తలుపును, వేళకు లోపల పెట్టిన పళ్లెమును కనుల యెదుట నిలిచినవి. “తిండికి లోటు చేయలేదు” అను మాట మా మాటయే గదా!

మావారు మమ్ము వారించిరి. చుంచునుండి బాలింతకు ఒక్క గంతులో దూకరాదనిరి. ఆమె వ్యాధి మీరు మూసిన తలుపువలననే కలిగినదని ఏ శాస్త్రమును చెప్పలేదనిరి. అది నిజము. ఇట్టి వ్యాధి పదిమంది నడుమ తిరుగు బాలింతలకును వచ్చుచున్నది. ప్రపంచారోగ్య సంస్థ లెక్కప్రకారము నూర్గురు బాలింతలలో సుమారు 13 మందికి మనోవ్యాధి, ముఖ్యముగ దిగులు వ్యాధి, కలుగుచున్నది. మేము వ్యాధిని కలిగించితిమని చెప్పము. కాని వ్యాధిలో నున్నదానిని ఒంటరిని చేసితిమని చెప్పుటకు ఎలుకల సాక్ష్యము అక్కరలేదు.

కాన్పు సమయమున జరుగునదేమనగా: గర్భము పెరిగిన కొలది మాయనుండి ప్రొజెస్టిరోన్ పుష్కలముగ వచ్చును, దానితో నెమ్మదిరసమును పెరుగును. మెదడులోని తలుపులు ఆ సమృద్ధికి తగినట్లు తమ్ము తాము సవరించుకొనును. మాయ వెలువడినంతనే ఆ రాబడి ఆగిపోయి, కొలది దినములలో రెండును పడిపోవును. ఇది బాలింతలందరికిని జరుగునదే. తలుపులు మరల సవరించుకొనుట అందరికిని ఒకే వేగమున జరుగకపోవుటయే కొందరి వ్యాధికి కారణములలో ఒకటియని పరిశోధకుల అభిప్రాయము. ఈ తలంపుతోనే ఆ రసమునే మందుగ చేసి, బ్రెక్సనొలోన్ అను పేర 2019 మార్చిలో అమెరికాలో అనుమతించిరి. దానిని ఆసుపత్రిలో 60 గంటలు నరము ద్వారా ఎక్కింపవలెను. అది తల్లికి కష్టమును, ఖర్చును. 2024 తుదకు దానిని చేయువారే మానివేసిరి. దానికి చుట్టమైన జురనొలోన్ అను గుళిక 2023 ఆగస్టులో అచ్చటనే అనుమతి పొందినది. దానిని రాత్రిభోజనముతో 14 దినములు మ్రింగవలెను. మా తోడికోడలికి ఇచ్చినది ఈ రెంటిలో ఏదియు కాదు. చిరకాలముగ వాడుకలో నున్న మందే. కనుక కొత్త మందుల పేరు విని ఉన్న వైద్యమును నిర్లక్ష్యము చేయరాదు. స్టీరాయిడు అను పేరు చూచి అంగడిలో దొరకు స్టీరాయిడు మాత్రలను తెచ్చి వాడుట అంతకంటె ప్రమాదము. ఆ మాత్రలు వేరు, ఈ రసములు వేరు.

అమరములో మనస్సును, హృదయమును పర్యాయపదములుగ చదువుకొన్నవారము మేము. చరకుడును చేతనకు హృదయమే స్థానమని చెప్పెను. అందుచే దిగులు వచ్చినప్పుడు గుండె దిటవు చేసికొమ్మని చెప్పుట మనకు వాడుకయైనది. మేము పెద్దల మాటను తక్కువ చేయుటలేదు. కాశ్యప సంహితలో సూతికకై ప్రత్యేకముగ ఒక అధ్యాయమే కలదు. బాలింతను కనిపెట్టి చూడవలెనని మన పూర్వులకు తెలియును. ఆచారములోని ఆదరమును విడిచి, తలుపు మూయుటను మాత్రము మేము పట్టుకొంటిమి. జ్వరము వచ్చినదానితో “మనస్సు గట్టి చేసికొనుము, ఒళ్లు చల్లబడును” అని యెవరైన అందురా? మెదడు కుంపటి మీది రసము కొరవడినదానితో అట్లే అనుటయు అంత అవివేకమే.

సోదరీమణులకు మా మనవి యిది. బాలింత రెండు వారములకంటె ఎక్కువ కాలము నిష్కారణముగ ఏడ్చుచున్నను, బిడ్డ నిద్రించినను తాను నిద్రింపలేకున్నను, బిడ్డపై మనస్సు నిలువకున్నను వైద్యులకు చూపుడు. తాను లేకున్న మేలని ఒక్కమారు అన్నను, రెండు వారములు వేచియుండక, ఆనాడే తీసికొనిపోవుడు. అంతవరకు ఆమెను ఒంటరిగ విడువకుడు. అపశకునమని నోరు మూయింపకుడు. ఆ మాట చెప్పుటకు ఆమె ఎంత సాహసము చేసినదో మాకు చాల ఆలస్యముగ తెలిసినది.

ఈ వ్యాసమును అచ్చునకు పంపుటకు ముందు మా తోడికోడలికి చదివి వినిపించి, ఆమె యిష్టము లేనిదే పంపమని చెప్పితిమి. ఆమె అంతయు విని, కొంతసేపు ఊరకుండి, “పంపుడు, అక్కయ్యా. కాని ఒకటి మరచితిరి. ఆసుపత్రినుండి వచ్చిన రాత్రి మీరు నా ప్రక్కనే చాప వేసికొని పరుంటిరి. వాడు ఏడ్చినప్పుడెల్ల మీరే లేచి యెత్తుకొంటిరి. ఆ రాత్రి నేను నాలుగు గంటలు నిద్రించితిని. అదియును వ్రాయుడు, చదివిన వారెవరైన ఆ పని చేయుదురు” అన్నది.

ఆమె మాట ప్రకారము వ్రాసితిమి. వచ్చే మాసమున మా పొరుగింటి కోడలు పురిటికి రానున్నది. ఆమె గదికి మా చాప ఇప్పుడే దులిపి పెట్టితిమి.